మధ్యేమార్గం మేయర్లు పార్టీ వదిలేయాలా? ఈ వాదన నిలబడదు

కొంతకాలంగా ఒక వాదన విపరీతంగా షేర్ అవుతోంది. దాని సారాంశం ఇది: "అమెరికాలోని పెద్ద నగరాల్లో మధ్యేమార్గంలో నడిచే మేయర్లకు డెమోక్రటిక్ పార్టీలో ఇక చోటు లేదు. ప్రైమరీలు (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు) అతివాదుల చేతిలోకి వెళ్లిపోయాయి. పార్టీ వదిలేస్తే అన్ని వర్గాల ఓటర్లూ వెంట వస్తారు, బ్లూమ్‌బర్గ్ చేసి చూపించారు. అయినా చెత్త ఎత్తడానికి, రోడ్లు వేయడానికి పార్టీ ఎందుకు? మారడం, మారకపోవడం మేయర్ సొంత విషయం."

వినడానికి బాగానే ఉంది. విడదీసి చూస్తే ఒక్క ముక్క కూడా సరిగ్గా నిలబడదు.

ముందు బ్లూమ్‌బర్గ్ సంగతి చూద్దాం, ఈ వాదనకు ఆయనే పెద్ద ఆధారం కాబట్టి. న్యూయార్క్ మాజీ మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ చాలా ఏళ్లు డెమోక్రాట్. 2001లో డెమోక్రటిక్ ప్రైమరీలో పోటీ ఎక్కువగా ఉండటంతో రిపబ్లికన్ పార్టీలో చేరి, ఆ టికెట్ మీద గెలిచారు. 2005లోనూ రిపబ్లికన్‌గానే గెలిచారు. పార్టీ వదిలేసింది 2007 జూన్‌లో. మరి ఇండిపెండెంట్‌గా గెలిచారని చెప్పే 2009 మాటేమిటి? ఆ ఏడాది బ్యాలెట్‌లో ఆయన పేరు రిపబ్లికన్ వరసలో ఉంది, ఇండిపెండెన్స్ పార్టీ అనే చిన్న పార్టీ వరసలోనూ ఉంది. ఒకే అభ్యర్థి పేరును రెండు మూడు పార్టీల వరసల్లో అచ్చు వేయడానికి న్యూయార్క్ చట్టం ఒప్పుకుంటుంది. ఓట్లన్నీ కలిపి లెక్కపెడతారు. అంటే సభ్యత్వం వదిలారు గానీ బ్యాలెట్ మీద పార్టీ వరసను వదల్లేదు. పైగా ఆ ఒక్క ఎన్నికకే 10 కోట్ల డాలర్లకు పైగా సొంత డబ్బు ఖర్చుపెట్టారు. ఇంతా చేస్తే డెమోక్రటిక్ అభ్యర్థి బిల్ థాంప్సన్ మీద వచ్చిన ఆధిక్యం 5 శాతం లోపే. 2018లో ఆయన మళ్లీ డెమోక్రటిక్ పార్టీలోనే చేరారు. వేల కోట్ల ఆస్తి లేని మేయర్‌కు ఇందులో పనికొచ్చే దారి నాకు కనిపించలేదు.

ఇక ప్రైమరీలు అతివాదుల పాలయ్యాయన్న మాట. 2021లో న్యూయార్క్ డెమోక్రటిక్ ప్రైమరీ గెలిచింది మాజీ పోలీస్ కెప్టెన్ ఎరిక్ ఆడమ్స్. ఓట్ల లెక్కింపు ఆఖరి రౌండ్ దాకా ఆయనతో పోటీపడిన కాథరిన్ గార్సియా నగర పారిశుద్ధ్య శాఖను నడిపిన అధికారి. ఇద్దరిదీ మధ్యేమార్గమే, తేడా సుమారు 7,200 ఓట్లు. నాలుగేళ్ల తర్వాత అదే పార్టీ ప్రైమరీలో వామపక్షానికి చెందిన జోహ్రాన్ మమ్‌దానీ గెలిచారు, నిజమే. కానీ ఒకసారి ఓడిపోతే తలుపులు మూసుకుపోయినట్టు ఎలా అవుతుంది?

బయటికి వస్తే జనం వెంట వస్తారన్న మాటకు 2025 ఎన్నికే జవాబు. మేయర్‌గా ఉన్న ఆడమ్స్ మీద 2024 సెప్టెంబరులో ఫెడరల్ అవినీతి అభియోగాలు వచ్చాయి. తాను ఏ తప్పూ చేయలేదన్నారు. 2025 ఏప్రిల్ 2న కోర్టు ఆ కేసు కొట్టేసింది. మర్నాడే ఆయన ప్రైమరీ వదిలేసి ఇండిపెండెంట్‌గా దిగుతున్నానని ప్రకటించారు. సెప్టెంబరు 28న పోటీ నుంచే తప్పుకున్నారు. అప్పటికే ఆలస్యం కావడంతో పేరు మాత్రం బ్యాలెట్ మీద మిగిలిపోయింది. ప్రైమరీలో ఓడిన మాజీ గవర్నర్ ఆండ్రూ క్యూమో కూడా సొంత వరస పెట్టుకుని నిలబడ్డారు. నవంబరులో మమ్‌దానీకి సగానికి పైగా ఓట్లు వస్తే, క్యూమోకు సుమారు 41 శాతం వచ్చాయి. ఆ నగరంలో నమోదైన ఓటర్లలో దాదాపు మూడింట రెండొంతులు డెమోక్రాట్లు. వాళ్లను వదులుకుని మిగిలినవాళ్లతో గెలుస్తామనుకోవడం లెక్కకు అందదు.

1969లో న్యూయార్క్ మేయర్ జాన్ లిండ్సే గెలవలేదా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రిపబ్లికన్ ప్రైమరీలో ఓడిపోయి, లిబరల్ పార్టీ వరస మీద ఆయన మళ్లీ మేయర్ అయ్యారు. కానీ అప్పటికి ఆయన రిపబ్లికన్ పార్టీని వదల్లేదు. ముక్కోణపు పోటీలో ఓట్లు చీలి గెలిచారు. 1971లో నిజంగానే పార్టీ మారి డెమోక్రాట్ అయ్యాక, 1972 అధ్యక్ష ప్రైమరీల్లో మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది.

చెత్తకు పార్టీ లేదన్న మాటతో నాకు పేచీ లేదు. లేనప్పుడు మారడం ఎందుకు? టెక్సస్‌లోని డల్లాస్ చూడండి. అక్కడ మేయర్ ఎన్నిక బ్యాలెట్ మీద పార్టీ పేరే ఉండదు. 15 మంది కౌన్సిల్‌లో మేయర్‌ది ఒక్క ఓటు. రోజువారీ పాలన నడిపేది కౌన్సిల్ నియమించే అధికారి, సిటీ మేనేజర్. మేయర్ ఎరిక్ జాన్సన్ పార్టీ మారినంత మాత్రాన ఒక్క గుంత అదనంగా పూడదు.

నాకు అసలు కోపం తెప్పించేది ఆఖరి ముక్క, సొంత విషయం అనేది. జాన్సన్ తొమ్మిదేళ్లు టెక్సస్ అసెంబ్లీలో డెమోక్రాట్. 2023 మేలో మేయర్‌గా రెండోసారి గెలిచినప్పుడు బ్యాలెట్ మీద ఆయనకు ప్రత్యర్థే లేరు. అదే ఏడాది సెప్టెంబరులో రిపబ్లికన్ పార్టీలో చేరుతున్నట్టు ఒక పత్రికలో వ్యాసం రాశారు. ఆ ముక్క మే నెల ఎన్నికకు ముందే చెప్పి ఉంటే ఎవరో ఒకరు పోటీకి దిగేవారు, ఓటరుకు ఎంచుకునే వీలు ఉండేది. (డల్లాస్ తెలుగువాళ్లం అనుకునే చాలామంది ఉండేది ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో. వాటి మేయర్లు వేరు. డల్లాస్ ఓటరు కోల్పోయింది ఏమిటో అక్కడినుంచి అంతగా కనిపించదు.)

హైదరాబాద్ వాళ్లకు ఇది కొత్త కాదు. 2020 డిసెంబరులో బంజారాహిల్స్ డివిజన్ నుంచి కారు గుర్తు మీద గెలిచి మేయర్ అయిన గద్వాల విజయలక్ష్మి, 2024 మార్చిలో కాంగ్రెస్‌లో చేరారు. మేయర్ పదవిలోనే కొనసాగారు. అప్పటికి రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. కారు గుర్తుకు ఓటేసినవాళ్లను మళ్లీ ఎవరూ అడగలేదు.

పార్టీ మారడమే తప్పని నేను అనడం లేదు. మారదలచుకుంటే పద్ధతి ఉంది, అది టెక్సస్‌లోనే ఉంది. ఫిల్ గ్రామ్ 1982లో డెమోక్రాట్‌గా అమెరికా కాంగ్రెస్‌కు గెలిచారు. పార్టీతో పొసగక 1983 జనవరిలో సీటుకే రాజీనామా చేసి, ఫిబ్రవరి ఉప ఎన్నికలో రిపబ్లికన్‌గా అదే ఓటర్ల ముందుకు వెళ్లి గెలిచారు. జాన్సన్ ఆ పని చేయలేదు. ఆయన పదవీకాలం 2027లో ముగుస్తుంది, వరుసగా మూడోసారి పోటీకి నగర చార్టర్ (నగర పాలన నియమావళి) ఒప్పుకోదు. కాబట్టి 2023లో ఆయన తీసుకున్న నిర్ణయం మీద డల్లాస్ ఓటరు 2027లోనూ తీర్పు చెప్పలేడు.