పది నిమిషాల కుట్ర

మిల్లు కూలీకి మధ్యాహ్నం అన్నం తినడానికి అరగంట చాలదన్న ప్రమాదకరమైన ఆలోచన మద్రాసులో మొదట ఎవరికి కలిగిందో గాని, ఆ పాపఫలాన్ని పెట్టుబడిదారులు నేటికీ అనుభవిస్తూనే ఉన్నారు. పెరంబూరులో బిన్నీ కంపెనీవారి బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల్లో గంట మోగగానే మగ్గం వదిలి, వేలమందిని తోసుకుంటూ బయటపడి, చేతులు కడుక్కుని, సద్దిమూట విప్పి, నాలుగు ముద్దలు మింగి, పొలమారితే దగ్గుకుని, మళ్లీ లోపలికి పరుగెత్తడానికి ముప్పై నిమిషాలు ధారాళంగా సరిపోయేవి. తీరిగ్గా తిన్నవాడు పక్కవాడితో మాట్లాడతాడు, మాట్లాడినవాడు లెక్కలు వేస్తాడు అన్న దూరదృష్టి ఆ ఏర్పాటులో ఉంది.

సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు అనే ఇద్దరు దీన్ని అర్థం చేసుకోలేకపోయారు. వారు పోయి బి.పి. వాడియాను పిలుచుకొచ్చారు. అడయారు దివ్యజ్ఞాన సమాజంలో ఆత్మ సంగతి చూసుకోవలసిన ఆ పార్సీ పెద్దమనిషి, 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్‌కు అధ్యక్షుడై కూర్చుని, కూలీల పొట్ట సంగతి పట్టించుకున్నాడు. భోజన విరామం నలభై నిమిషాలు కావాలన్నాడు. కంపెనీ ఒప్పుకుంది. అలుసిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

1920 చివరికి వ్యవహారం లాకౌటు దాకా, అంటే యజమానే మిల్లుకు తాళం వేసి కూలీలను బయట నిలబెట్టేదాకా, వచ్చింది. అప్పుడు కంపెనీ మద్రాసు హైకోర్టుకు వెళ్లి, కార్మికులను పని ఒప్పందాలు ఉల్లంఘించేలా రెచ్చగొట్టారని నాయకులపై దావా వేసి, ఇంజంక్షన్, అంటే వారిని కట్టడి చేసే నిషేధ ఉత్తర్వు, తెచ్చుకుంది. ధర్మం నిలబడింది. వ్యాపారులు 1836లోనే మద్రాసులో చాంబర్ ఆఫ్ కామర్స్ పెట్టుకున్నారు కదా, అది కుట్ర కాదా అని కొందరు అమాయకులు అడుగుతారు. కోటు వేసుకుని కలిస్తే వాణిజ్యం, గోచీ పెట్టుకుని కలిస్తే కుట్ర అన్న సూక్ష్మం వారికి బోధపడదు. చివరకు వాడియా యూనియన్‌తో సంబంధం తెంచుకోవాలన్న షరతు మీద రాజీ కుదిరింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఈ కేసు చూసి కలవరపడిన కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో కార్మిక సంఘాలకు చట్టరక్షణ కావాలని తీర్మానం పెట్టాడు. అయిదేళ్లు నానబెట్టి, 1926లో ప్రభుత్వం ట్రేడ్ యూనియన్ల చట్టం చేసింది. అప్పట్లో దాని ప్రకారం ఏడుగురు సభ్యులు సంతకాలు చేసి, నియమావళి జతపరచి దరఖాస్తు పెట్టుకుంటే యూనియన్‌ను రిజిస్టరు చేయించుకోగలిగేవారు. మా వీధి భజన సమాజంలో చేరడానికి ఇంతకన్నా ఎక్కువ షరతులున్నాయి.