మబ్బు నల్లవైపు ఎటుంది?

చిలక జోస్యంలో ఒక సుఖముంది. చిలక బయటికొస్తుంది, ఒక కార్డు లాగుతుంది, గింజ తిని మళ్లీ పంజరంలోకి పోతుంది. ఎడమా కుడీ గొడవ లేదు. నాకు అది చాలక లెనార్మాండ్ అనే జోస్యం కార్డుల్లో వేలు పెట్టాను.

మొత్తం 36 కార్డులు. పారిస్‌లో పేరుమోసిన జోస్యురాలు మేరీ ఆన్ లెనార్మాండ్ 1843లో పోయాక, ఆమె పేరు తగిలించి అమ్మారు. అసలు మూలం 1799 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో హెక్టెల్ అనే ఆయన తయారుచేసిన పాచికల ఆట. అంటే మన వైకుంఠపాళికి దూరపు చుట్టం. దాంతో జోస్యమేమిటని మీరు అడగొచ్చు. మా ఆవిడ రోజూ అడుగుతుంది.

ఇందులో ఏ బొమ్మ వచ్చిందన్నదొక్కటే చాలదు, అది ఎటు తిరిగి ఉందో కూడా చూడాలి. మనిషి కార్డులో ఆయన ముఖం ఎటుంటే అటు జరగబోయేది, వీపు వెనకున్నది జరిగిపోయింది. మబ్బుల కార్డులో ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు. నలుపు ఎవరిని ఆనుకుంటే వాళ్లకు చిక్కులు.

ఇంత నేర్చుకున్నాక ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్ర పట్టదు కదా. ఏరువాక రోజుల్లో కళ్యాణదుర్గం దగ్గరి పల్లె నుంచి మా మేనమామ విత్తనాల పనిమీద అనంతపురం వచ్చాడు. ఉగ్గాని, బజ్జీ తిని చెయ్యి కడుక్కునేలోపే చాప పరిచాను. వరసగా అయిదు కార్డులు పడ్డాయి: కొండ, కొడవలి, మనిషి, మబ్బులు, చేపలు. మనిషేమో ఆపదకు గుర్తైన కొడవలి వైపు చూస్తున్నాడు. వీపుకు ఆనుకొని మబ్బు నల్లవైపు. డబ్బుకు గుర్తైన చేపలు ఆ మబ్బుకు అవతల.

గొంతు తగ్గించి, "మామా, టెన్షన్ పడొద్దు గానీ, నల్ల మబ్బు నిన్నే ఆనుకొని ఉంది" అన్నాను.

మామ ముఖం వెలిగిపోయింది. "నీ నోట్లో చక్కెర పొయ్య! నా తట్టేనా?"

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, శనక్కాయ రైతు ముందు నల్ల మబ్బును చెడ్డదనడం నాదే తప్పు. ఆ బొమ్మ గీసినవాళ్లకు ఎండ కరువు, మాకు వాన కరువు.

"అది కాదు మామా, ఎదురుగా కొడవలి కూడా ఉంది."

"శనక్కాయకు కొడవలితో ఏం పనిరా, పీకేది కదా? అది వరిమడి ఉండేవాళ్లకు చెప్పు."

చివరికి వీపు సంగతి చెప్పాల్సి వచ్చింది. వెనకున్నది అయిపోయినట్టు లెక్క అన్నాను.

"అయిపోయిన వాన నాకేటికి?" అని మామ మనిషి కార్డును పట్టుకొని గిర్రున తిప్పేశాడు. ఇప్పుడు ఆ దొర తలకిందులుగా నిలబడి, మబ్బునూ దాని అవతలి చేపలనూ చూస్తున్నాడు.

"మామా, ఈ పద్ధతిలో తలకిందులు లెక్కలోకి రాదు."

"లెక్కలోకి రాదంటే ఇంకేమి మరి? ఉండనీ."

దీనికి నా దగ్గర జవాబు లేదు. మామ సంతోషంగా బస్సెక్కాడు.

మూడో రోజు మధ్యాహ్నం వాన దంచింది, అనంతపురంలో. మిద్దె మీద రెండు చీరల నిండా పెట్టిన వడియాలు మళ్లీ పిండయ్యాయి. "మబ్బు సంగతి మూడు రోజుల కిందే తెలిసి నాకు చెప్పలేదేం?" అని మా ఆవిడ తడిసిన చీర నా ఒళ్లో పడేసింది.

మామకు ఫోన్ చేశాను.

"ఈడ చుక్క రాల్లేదురా" అన్నాడు. నేను నీళ్లు నమిలేలోపే ఆయనే అందుకున్నాడు. "కార్డుల తప్పేం లేదులే. మీ ఇంట్లో పరిచినావు, మీ ఇంటి మీద పడింది. ఆదివారం వచ్చేయ్, మా చేన్లో పరుద్దాం. ఆ మనిషిని మాత్రం తలకిందులుగానే పెట్టుకొని రా."