సూది ఎవరి చేతిలో ఉండాలి?

ప్రాణహిత అవతలి ఒడ్డున మహారాష్ట్రలో ఉన్న గడ్చిరోలి జిల్లా పేరు తెలుగు పత్రికల్లో కనిపించిందంటే పక్కన ఎన్‌కౌంటర్ అన్న మాట ఉండాల్సిందే. సిరోంచ, అహేరి వైపు ఊళ్లలో తెలుగు వినపడుతుంది. అక్కడి గోండులూ మన ఆసిఫాబాద్ గోండులూ ఒకే జనం. అయినా ఆ జిల్లా గురించి మనకు తెలిసింది తక్కువ. పసిబిడ్డల ఆరోగ్యం మీద పనిచేసేవాళ్లకు మాత్రం గడ్చిరోలి అనగానే ఇంకొకటి గుర్తొస్తుంది. అయిదో తరగతి నుంచి పదో తరగతి మధ్య చదువు ఆపేసిన పల్లె ఆడవాళ్లు, ఆస్పత్రి లేని ఊళ్లో, మట్టి ఇంట్లో పురిటి మంచం పక్కన కూర్చుని పసికందులకు ప్రాణం పోసిన చోటు అది. పోలియో చుక్కల దగ్గర్నుంచి జ్వరం సర్వే దాకా ఊరి ఆరోగ్యమంతా ఆశా కార్యకర్తల నెత్తిన పెట్టిన మన ప్రభుత్వాలు ఆ కథను మరోసారి చదవాల్సిన అవసరం ఉంది.

అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులిద్దరూ నాగ్‌పూర్‌లో చదివిన డాక్టర్లు. ఆయన జనరల్ మెడిసిన్, ఆమె గైనకాలజీ. అభయ్ పెరిగింది వార్ధా దగ్గర సేవాగ్రామ్ వాతావరణంలో. తండ్రి ఠాకూర్‌దాస్ బంగ్ అర్థశాస్త్రంలో పైచదువుకు అమెరికా బయల్దేరబోతూ గాంధీని కలవడానికి వెళితే, అర్థశాస్త్రం కావాలంటే మన పల్లెలకు వెళ్లమన్నారట ఆయన. తండ్రి ఆ ప్రయాణం మానుకున్నారు. కొడుకూ కోడలూ మాత్రం అమెరికా వెళ్లి, జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదువుకుని 1984లో తిరిగొచ్చారు. పట్నంలో నర్సింగ్‌హోం పెట్టుకుంటే అడిగేవాళ్లు లేరు. చంద్రపూర్ నుంచి విడిపోయి 1982లో కొత్తగా ఏర్పడ్డ గడ్చిరోలిని ఎంచుకుని, 1986లో ‘సెర్చ్’ అనే స్వచ్ఛంద సంస్థను మొదలుపెట్టారు. తొలి మకాం ఒక పాత తునికాకు గోదాములో.

ఆదివాసీల రక్తంలో సికిల్ సెల్ జబ్బు ఎక్కువగా ఉందని వాళ్లు మొదట్లోనే కనిపెట్టారు. పరిశోధకులుగా అది పెద్ద విషయమే. కానీ మాకు కావాల్సింది అది కాదని ఊళ్లవాళ్లు చెప్పారు. అప్పటినుంచి ఏం చేయాలో జనాన్ని అడిగి చేయడం సంస్థకు పద్ధతిగా మారింది. ఆస్పత్రి కట్టాలనుకున్నప్పుడూ అడిగారు. మీ ఆస్పత్రులంటేనే మాకు భయం అన్నారు ఆదివాసీలు. శవానికి చుట్టే తెల్లగుడ్డ కట్టుకుని తిరిగే డాక్టర్లూ నర్సులూ ప్రాణం ఎలా నిలబెడతారన్నది వాళ్ల అనుమానం. రోగిని లోపల పెట్టుకుని బంధువుల్ని బయటికి తోలేయడం కూడా వాళ్లకు నచ్చలేదు. అందుకే శోధ్‌గ్రామ్ అనే తమ ప్రాంగణంలో ఆస్పత్రిని గూడెంలా కట్టారు. చిన్న చిన్న గుడిసెలు, రోగితోపాటు ఇంటివాళ్లూ ఉండే వీలు. పేరు కూడా వాళ్ల దేవత దంతేశ్వరిదే. కోట్లు పోసి కట్టిన ఏజెన్సీ ఆస్పత్రుల్లో మంచాలు ఎందుకు ఖాళీగా ఉంటున్నాయని సమీక్షల్లో తలపట్టుకునే మన అధికారులు ఆ గుడిసెల మధ్య ఒక పూట తిరిగొస్తే బాగుంటుంది.

రాణీ బంగ్ చేసిన మరో పని గురించి మన దగ్గర ఇప్పటికీ తగినంత చర్చ జరగలేదు. రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉన్నట్టు తేలింది. అంతకుముందు డాక్టర్ చేత ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతం మాత్రమే. 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఈ ఫలితాలు వచ్చేదాకా పల్లెటూరి ఆడమనిషి ఆరోగ్యమంటే ప్రభుత్వాల దృష్టిలో కాన్పు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, అంతే. తెల్లబట్ట, నడుంనొప్పి, నెలసరి బాధలు చెప్పుకోవడానికి చోటే ఉండేది కాదు. మన ఊళ్లలో మాత్రం ఆ చోటు ఇప్పుడు ఎంత ఉంది?

ఆ రోజుల్లో గడ్చిరోలి పల్లెల్లో వెయ్యి మంది బిడ్డలు పుడితే 121 మంది ఏడాది తిరక్కుండానే పోయేవాళ్లు. ఒక వానాకాలం రాత్రి ఓ తల్లి జబ్బుపడ్డ పసిబిడ్డను బంగ్ ఇంటికి తెచ్చింది. ఆయన చూస్తుండగానే బిడ్డ ప్రాణం పోయింది. దాన్ని జబ్బు పేరుతో ముగించకుండా, ఆ చావు వెనక ఏమేం ఉన్నాయో ఆయన ఒక్కొక్కటీ రాసుకుంటూ వెళితే 18 కారణాలు తేలాయి. కడుపుతో ఉన్నప్పుడు తల్లి కడుపునిండా తినకపోవడం, మలేరియా, మొగుడి తాగుడు, పొంగిన వాగు, అందుబాటులో లేని వైద్యం... ఇలా. ఇన్ని ముళ్లున్న సమస్యకు ఆస్పత్రి ఒక్కటే మందు కాదని అప్పుడే అర్థమైందంటారాయన. తాగుడు కూడా ఆ లెక్కలోదే కాబట్టి సారా వ్యతిరేక ఉద్యమం పుట్టింది, 1993లో జిల్లాలో మద్యనిషేధం వచ్చింది. దూబగుంట ఆడవాళ్లు నెల్లూరు జిల్లాలో సారా వేలంపాటలు ఆపించింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. మనం దాన్ని తర్వాత ఏం చేసుకున్నామో వేరే చెప్పాలా?

అసలు విషయం పసిబిడ్డల దగ్గర ఉంది. చనిపోతున్న పిల్లల్లో చాలామందిని మింగుతున్నది నిమ్ము, అంటే న్యుమోనియా. బిడ్డ డొక్కలెగరేస్తోందని తల్లికి కనిపిస్తుంది. అది మామూలు జలుబో, నిమ్మో తేల్చాలంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 దాటితే ప్రమాదం. మంత్రసానులకు అంత దూరం లెక్కపెట్టడం రాదు. వాళ్లకోసం సెర్చ్ ఒక పనిముట్టు తయారుచేసింది. ఒక చట్రంలో పూసలు, పక్కన నిమిషంలో కారిపోయే ఇసుక గడియారం. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు ఎర్రపూస దాకా వస్తే నిమ్మే, మందు మొదలుపెట్టాలి. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా ఈ లెక్క చేయగలిగింది. తనకు పని నేర్చుకునే తెలివి ఉందని నమ్మి, తన చేతికి పట్టే పనిముట్టు చేసిచ్చారు కాబట్టే అది సాధ్యమైంది.

తర్వాతి అడుగు ఇంకా కష్టమైనది. నిమ్ము మరణాలు తగ్గాక మిగిలినవి పుట్టిన నెలలోపు మరణాలు. 39 ఊళ్లలో ఊరికొక మహిళను ఎంచుకున్నారు. ‘ఆరోగ్యదూత్’ అన్నారు వాళ్లను. 1993 నుంచి రెండేళ్లపాటు వాళ్ల పని చూడటం, తూచడం, రాయడం. పురుడు జరుగుతున్న ఇంటికి మంత్రసానితోపాటు వెళ్లి కూర్చోవడం, ఆ తర్వాత నెల రోజులూ పదేపదే గడప తొక్కడం. 1995 నుంచి చికిత్స మొదలైంది. పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి అందించడం, బరువు తక్కువ బిడ్డను సంచిలో వెచ్చగా ఉంచడం, పాలు పట్టడంలో తల్లికి సాయపడటం. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ పాకిందని గుర్తిస్తే, ఇంటివాళ్లు ఒప్పుకుంటే, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేయడం. పదిహేను రోజులకోసారి డాక్టర్ ఊరికి వచ్చి వాళ్ల రాతలు సరిచూసి, తప్పులు దిద్ది వెళ్లేవారు. వైద్యం మాత్రం ఆమే చేయాలి.

పల్లెటూరి ఆడమనిషి చేతికి సూది ఇవ్వడమేమిటన్న అభ్యంతరం వైద్యవర్గాల నుంచి వచ్చింది. అందులో కొంత న్యాయం ఉంది. పసికందుకు మోతాదు తప్పితే కోలుకోలేని నష్టం జరుగుతుంది. అందుకే ప్రతి కేసూ రాసిపెట్టి లెక్క తీశారు. ఇన్‌ఫెక్షన్ వచ్చిన నవజాత శిశువుల్లో అంతకుముందు వందకు 16.6 మంది పోతుంటే, చికిత్స మొదలయ్యాక అది 2.8కి దిగింది. పోల్చి చూడటానికి పెట్టుకున్న 47 ఊళ్లతో లెక్కవేస్తే నెలలోపు మరణాలు 62 శాతం తగ్గినట్టు 1999 డిసెంబరులో లాన్సెట్ ప్రచురించింది. ఖర్చు ఒక్కో బిడ్డకు అయిదు డాలర్ల పైచిల్లర. ఎయిర్‌కండిషన్ వార్డులూ ఇంక్యుబేటర్లూ లేకుండా సాధించిన ఈ ఫలితం తర్వాత చాలా దేశాల విధానాలను కదిలించింది. బంగ్ దంపతులకు 2018లో పద్మశ్రీ వచ్చింది. బాగుంది. ఆ 39 మంది ఆడవాళ్ల పేర్లు చెప్పమంటే మాత్రం మనలో ఒక్కరం కూడా చెప్పలేం.

ఇలాంటి ప్రయత్నం గడ్చిరోలితోనే మొదలు కాలేదు. అంతకు చాలా ముందే, 1970లో అదే మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్, మాబెల్ ఆరోలే దంపతులు కరవు పల్లెల్లో చదువురాని ఆడవాళ్లకు, అందులోనూ చాలామంది దళిత మహిళలకు, వైద్యం నేర్పారు. ఛత్తీస్‌గఢ్ 2002లో ‘మితానిన్’ పేరుతో ఊరూరా మహిళలను పెట్టింది. ఇవన్నీ చూశాకే 2005లో కేంద్రం గ్రామీణ ఆరోగ్య మిషన్‌లో ఆశా వ్యవస్థ తెచ్చింది. ఇంటి దగ్గర నవజాత శిశు సంరక్షణను 2011లో ఆశాల పనుల్లో చేర్చింది. గడ్చిరోలి నమూనా దేశమంతా పాకిందని అప్పట్లో అందరూ సంతోషించారు.

పాకినదేమిటో దగ్గరికెళ్లి చూస్తే తెలుస్తుంది. ఆస్పత్రిలో కాన్పయితే ఆశా ఆరుసార్లు, ఇంట్లో అయితే ఏడుసార్లు వెళ్లి బిడ్డను చూడాలి. ఫారం నింపాలి. అన్నీ పూర్తిచేస్తే రూ.250. అంటే ఒకసారి గడప తొక్కితే చేతికొచ్చేది నలభై రూపాయల చిల్లర. సూది ఆమెకు ఇవ్వలేదు. 2014 మార్గదర్శకాల ప్రకారం జెంటామైసిన్ ఇంజెక్షన్ ఏఎన్ఎం, అంటే ప్రభుత్వ నర్సు, చేయాలి, నోటిమందు దాకానే ఆశా బాధ్యత. ఏఎన్ఎం ఎక్కడుంటుంది? సబ్‌సెంటర్‌లో. సబ్‌సెంటర్ వాగు అవతల ఉంటుంది. గర్భిణుల్ని డోలీలో మోసుకొస్తున్న ఫొటోలు అల్లూరి జిల్లా నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. అలాంటి గూడెంలో పాలు తాగడం మానేసిన నాలుగు రోజుల బిడ్డను చూసి, ఇది ప్రమాదమని గుర్తుపట్టే శిక్షణ ఆశాకు ఇచ్చాం. గుర్తుపట్టాక చేయాల్సింది మాత్రం ఫోన్ చేయడం. సిగ్నల్ ఉంటే.

గడ్చిరోలిలో పని ఫలించింది మూడింటి వల్ల. ఓపికగా సాగిన శిక్షణ, పదిహేను రోజులకోసారి ఊళ్లోకొచ్చి పక్కన కూర్చునే డాక్టర్, చికిత్స చేసే అధికారం. మనం ఈ మూడూ వదిలేసి రిజిస్టర్లు తెచ్చుకున్నాం. ఇప్పుడు రిజిస్టర్లతోపాటు యాప్‌లు కూడా. బాలింత ఇంట్లో అరగంట కూర్చోవాల్సిన మనిషి, ఆ అరగంటా ఫొటో అప్‌లోడ్ కాలేదన్న టెన్షన్‌తో గుమ్మంలో ఫోన్ పైకెత్తి నిలబడుతోంది. టీబీ సర్వే, కుష్ఠు సర్వే, బీపీ షుగర్ల లెక్క, మీటింగులకు జనసమీకరణ... ఏ శాఖకు ఏ పని పడినా ఆశా గుర్తొస్తుంది. జీతం అనే మాట దగ్గర మాత్రం ఆమె వాలంటీర్, వచ్చేది పారితోషికం.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి నెలకు రూ.10 వేలు ఇస్తున్నారు. 2025లో గ్రాట్యుటీ, మొదటి రెండు కాన్పులకు 180 రోజుల ప్రసూతి సెలవు, పదవీ విరమణ వయసు 62కి పెంపు ప్రకటించారు. ఇవి చిన్న విషయాలు కావు, ప్రభుత్వాన్ని అభినందించాల్సిందే. తెలంగాణలో రూ.18 వేల స్థిర వేతనం కోసం ఆశాలు రోడ్డెక్కుతూనే ఉన్నారు, పోలీసు వ్యాన్లు ఎక్కుతూనే ఉన్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ కలిపి పురస్కారం ప్రకటిస్తే ట్వీట్లు పెట్టని నాయకుడు లేడు. ఆ ట్వీట్లు పెట్టినవాళ్లకు వేతనం ఫైలు మీద సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

39 ఊళ్లలో ఒక సంస్థ చేసింది వేల ఊళ్లలో సర్కారు చేయగలదా అన్న ప్రశ్న ఉంది. నిజాయితీగా చెప్పాలంటే అంతా యథాతథంగా చేయడం సర్కారుకు సాధ్యం కాదు. బంగ్ దంపతుల్లాంటివాళ్లు జిల్లాకొకరు దొరకరు. మైదాన ప్రాంతాల్లో దాదాపు కాన్పులన్నీ ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి, 108 వస్తుంది, నవజాత శిశు వార్డులున్నాయి. అక్కడ ఆశా చేతికి సూది అక్కర్లేదు. దేశం మొత్తమ్మీద శిశు మరణాలు వెయ్యికి 25కి తగ్గాయని 2023 నమూనా నమోదు లెక్కలు చెబుతున్నాయి. మిగిలిన మరణాల్లో మందు అందుబాటులో ఉన్నా మనిషి లేక జరిగేవి పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు, ఏటూరునాగారం లాంటి చోట్లే ఎక్కువ. కాబట్టి రెండు రాష్ట్రాలూ అంతటా చేయాల్సిన పనిలేదు. ముందు గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) పరిధిలో, దారి లేని గూడేలకు పరిమితమై మొదలుపెట్టొచ్చు. అక్కడి ఆశాలకు గడ్చిరోలి పద్ధతిలో దీర్ఘకాల శిక్షణ ఇచ్చి, డాక్టర్ పర్యవేక్షణలో జెంటామైసిన్ చేసే అనుమతి ఇవ్వాలి. పొరపాటు జరిగితే కేసు ఆమె మీద పడకుండా చట్టపరమైన రక్షణ అందులోనే రాయాలి. పీహెచ్‌సీ డాక్టర్ ఆ ఊళ్లకు నెలలో రెండుసార్లు వెళ్లాలి, వెళ్లింది తనిఖీ కోసం కాదు, పక్కన కూర్చుని నేర్పడం కోసమని అర్థమయ్యేలా. ఆ మండలాల్లో ఆరోగ్యానికి సంబంధం లేని సర్వేలన్నీ ఆశాల మీద నుంచి తీసేయాలి. వాళ్లకు ఇచ్చేదాన్ని పారితోషికం పద్దు నుంచి వేతనం పద్దులోకి మార్చడానికి వచ్చే బడ్జెట్ దాకా ఆగాల్సిన అవసరం కూడా లేదు, మధ్యలో పెట్టే సప్లిమెంటరీ బడ్జెట్‌లో చేర్చవచ్చు.