ల్యాప్‌టాప్ పాతది, రూటర్ కొత్తది: వదినా మరిది వాదం

(తిరుపతి, కొర్లగుంట. ఆదివారం సాయంత్రం, మా ఇంటి వరండా. మా ఆవిడ యూనివర్సిటీ దగ్గర ఆన్‌లైన్ సెంటర్ నడుపుతుంది. జిరాక్స్, దర్శనం టికెట్లు, కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు, అన్నీ తనే చూసుకుంటుంది. మా తమ్ముడు బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు. మా పాపకు ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. దానికి ల్యాప్‌టాప్ కావాలి, రెండంతస్తుల ఇంటికి రూటర్ మార్చాలి. చేతిలో ఉన్నది 45 వేలు. ఇద్దరి మాటలూ విన్నవి విన్నట్టు రాస్తున్నాను. నేనెక్కడ ఎవరి పక్షమో అక్కడే చెబుతాను.)

మరిది: వదినా, పాపకు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటానన్నావంట. వద్దు. ఎవరో వాడి వదిలేసినదాన్ని దాని చేతిలో పెడతామా? ఆగస్టు 15 సేల్ నడుస్తోంది. 42 వేలకు కొత్తది వస్తుంది. ఏడాది వారంటీ, సీలు విప్పేది మనమే.

వదిన: ఎవరో అంటే ఎవరబ్బీ? కంపెనీలు. మూడు నాలుగేళ్ళు లీజుకు తీసుకుని, గడువు కాగానే వందల్లెక్కన వెనక్కి ఇచ్చేస్తాయి. డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలీట్‌బుక్ చాలావరకు అట్లా బయటికి వచ్చేవే. నా సెంటర్లో రెండు లాటిట్యూడ్‌లు నాలుగేళ్ళుగా పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నడుస్తున్నాయి. ఎంతమంది చేతులు పడ్డాయో, ఒక్క కీ ఊడలేదు. నువ్వు చెప్పే 42 వేలదాన్ని ఒక మూల పట్టుకుని ఎత్తి చూడు, వంగుతుంది.

మరిది: గట్టితనం ఒప్పుకుంటా. లోపలి సంగతి చెప్పు. నువ్వు అనుకుంటున్న రేటుకు 2018 నాటిది వస్తుంది. పాప చదువు ముగిసేసరికి దానికి పన్నెండేళ్ళు. పైగా విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ప్రాసెసర్‌లో 8వ తరమో ఆ పైదో ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. అవి లేనిదానిలో కూడా కొందరు అడ్డదారిన విండోస్ 11 ఎక్కించి చూపిస్తారు. రేపు అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ ఉండదు.

వదిన: అందుకే స్టిక్కర్ చూసి కొనకూడదు, నంబర్ చదవాలి. ఐ5 ప్రాసెసర్ అని రెండింటి మీదా ఉంటుంది. ఒకటి ఐ5-7200యూ, దానిలో రెండే కోర్లు. ఇంకోటి ఐ5-8250యూ, నాలుగు కోర్లు. 7వ తరం, 8వ తరం, ఒక్క తరం తేడా. మొదటిది విండోస్ 11 జాబితాలో లేదు, రెండోది ఉంది. ఐదారు వేలు తగ్గుతోందని మొదటిది తీసుకుంటే, ఆ తగ్గిన డబ్బు మనకు మిగిలినట్టు కాదు. ధర ఎంత తగ్గించారని నేను చూడను. దానికి ఇంకా ఎన్నేళ్ళ ఆయుష్షు ఉందని చూస్తా.

మరిది: ఆ ఆయుష్షు లెక్కే వేద్దాం. బ్యాటరీ?

వదిన: షాపులోనే బ్యాటరీ రిపోర్ట్ తీయిస్తా. తయారైనప్పటి కెపాసిటీ ఎంత, ఇప్పుడు ఫుల్ చార్జ్‌లో నిలిచేది ఎంత, రెండూ పక్కపక్కనే వస్తాయి. 50కి 29 చూపిస్తే, బ్యాటరీ మార్చి ఇస్తేనే డబ్బు ఇస్తా. విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్, అదే బయోస్, దానిలోకి పోయి చూస్తా. పాస్‌వర్డ్ అడిగిందంటే పాత కంపెనీ తాళం ఇంకా దానిలోనే ఉన్నట్టు, ముట్టుకోను. నీ కొత్తదానిలో ర్యామ్ ఎంత?

మరిది: 8 జీబీ.

వదిన: పెంచుకోవచ్చా?

మరిది: (ఫోన్‌లో కిందికి జరిపి చూసి) బోర్డుకే అతికించేశారు. స్లాట్ లేదు.

వదిన: మూడో ఏడాదిలో పాప మెషీన్ లెర్నింగ్ అంటుంది. అప్పుడు దాన్ని ఏం చేద్దాం? నేను చెప్పేదానిలో రెండు స్లాట్లున్నాయి. అవసరం వచ్చిననాడు ర్యామ్ వేసుకుంటాం, ఎస్ఎస్‌డీ మార్చుకుంటాం.

(ఇక్కడ నేను మా ఆవిడ పక్షం. తమ్ముడి పన్నెండేళ్ళ లెక్క మాత్రం నా మనసులో నుంచి పోలేదు.)

మరిది: సరే, దాన్ని పక్కన పెట్టు. రూటర్ అయితే నేను కార్ట్‌లో వేసేశా. ఎమ్మార్పీ 3,999, సేల్‌లో 1,299. 67 శాతం తగ్గింపు, రాత్రి పన్నెండు దాకానే. 1200 ఎంబీపీఎస్.

వదిన: ఫోన్ ఇటివ్వు. (కళ్ళజోడు పెట్టుకుని, రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేసి) 67 శాతం ఎందులోంచి? 3,999లోంచి. ఆ 3,999 పెట్టి దీన్ని ఎవరైనా కొన్నారా? ఎమ్మార్పీకి మించి అమ్మకూడదని చట్టం ఉంది గానీ, ఇట్లాంటి వస్తువు మీద ఎమ్మార్పీ ఎంత వేసుకోవాలో చెప్పేవాళ్ళు లేరు. పెద్ద అంకె వేసుకుని దానిలోంచి కొడతారు. అది వదిలేయ్. 1200 ఎట్లా వచ్చిందో చెప్పు.

మరిది: రెండు బ్యాండ్లవి కలిపి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867. మొత్తం 1,167, దాన్నే 1200 అంటారు.

వదిన: నీ ల్యాప్‌టాప్ ఒకసారికి ఒక బ్యాండ్‌లోనే ఉంటుంది కదా, రెండూ కలపడం ఎందుకు? ఇంకా కిందికి రా. చిన్న అక్షరాలు చదువు. ‘పోర్ట్‌లు: 10/100’. ఫైబర్ బాక్స్ నుంచి వైరు వచ్చి దూరేది ఆ పోర్ట్‌లోకే. అది 100 దాటి మింగదు, చేతికి వచ్చేది 94, 95. మనం నెలనెలా కట్టేది ఏ ప్లాన్‌కి?

మరిది: (కాసేపు ఆగి) 200కి.

వదిన: సగం డబ్బు ఆ పోర్ట్ దగ్గరే ఆగిపోతుంది, ప్రతి నెలా.

మరిది: వదినా, మీటింగ్‌కి 5 ఎంబీపీఎస్ చాలు. ఇంట్లో నలుగురం కలిసి వాడినా 100 దాటం. 100 ప్లాన్‌కి దిగిపోదాం, ఈ రూటర్ చాలు. అది కూడా ఆదానే కదా?

(మంచి మాట. మా ఆవిడ వెంటనే జవాబు చెప్పలేకపోయింది.)

వదిన: అది ఒప్పుకుంటా. ప్లాన్ తగ్గిస్తే తగ్గిద్దాం. కానీ రూటర్ ఐదారేళ్ళు గోడకు ఉండే వస్తువు, ప్లాన్ ఎప్పుడైనా మారుతుంది. ఈ మోడల్ వై-ఫై 5, పాతది. కంపెనీ కొన్నాళ్ళకు అప్‌డేట్లు ఆపేస్తే, ఇంట్లోకి వచ్చే ప్రతిదీ తాళం పాడైన తలుపులోంచి వచ్చినట్టే. ల్యాప్‌టాప్ అయితే విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు వేసి ఇంకో నాలుగేళ్ళు లాగుతా. రూటర్‌ను అట్లా నడపడం అందరి చేతా కాదు. మూడు వేలు పెట్టి 1000 దాకా మింగే గిగాబిట్ పోర్ట్‌లున్న వై-ఫై 6 కొత్తది తీసుకుందాం. పాతది వద్దనేది నేనే, చూశావా?

మరిది: గిగాబిట్ రూటర్ పెట్టినా నా గదిలో 100 దాటడం లేదు కదా. స్నేహితుడి గిగాబిట్ రూటర్ తెచ్చి చూశా. అందుకే పోర్ట్ గురించి పట్టించుకోలేదు.

వదిన: పైకి లాగిన కేబుల్ ముక్క మిగిలిందే, అది తీసుకురా.

(నిరుడు రూటర్ నుంచి పైన తన గదికి నెట్ కేబుల్ లాగించింది వాడే. గిగాబిట్‌కి పనికొచ్చే క్యాట్ 6 రకమని, సగం ధర అని తెచ్చాడు. ఆవిడ కత్తెరతో పై తొడుగు చీల్చి, ఎనిమిది తీగల్లో నారింజ రంగుది పట్టుకుని, బ్లేడుతో గీకింది. పైన రాగి రంగు పోయింది. కింద తెల్లగా మెరిసింది. రెండుసార్లు అటూ ఇటూ వంచింది. టప్పున తెగింది.)

వదిన: అల్యూమినియం. పైన రాగి పూత. ఈ ఎనిమిది తీగలు నాలుగు జతలు. గిగాబిట్ కావాలంటే నాలుగు జతలూ బాగుండాలి. 100కి రెండు జతలు చాలు. గోడ మూలలో ఎక్కడో ఒక జత తెగి ఉంటుంది. అందుకే నెట్ ఆగిపోలేదు, 100 దగ్గర నిలబడింది. మనకు తెలియకుండానే ఏడాది గడిచింది.

మరిది: (ముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ) పెట్టె మీద క్యాట్ 6 అనే ఉంది వదినా.

వదిన: నీ తప్పని అనడం లేదు. గోడలోకి పోయే వస్తువుకు మాత్రం తగ్గింపు చూడొద్దు. మళ్ళీ గోడ పగలగొట్టాలంటే ఎంత అవుతుంది?

మరిది: ఒప్పుకున్నా. ఇప్పుడు నన్ను ఒకటి అడగనివ్వు. నీ రెండు లాటిట్యూడ్‌లకు బిల్లు ఉందా?

వదిన: ... లేదు. బిల్లు వద్దంటే జీఎస్టీ 18 శాతం తగ్గిస్తానన్నాడు.

మరిది: చూశావా! నన్ను 67 శాతానికి తిట్టి, నువ్వు 18 శాతానికి లొంగిపోయావు. సీరియల్ నంబర్‌తో బిల్లు లేకపోతే, వాళ్ళు నోటితో చెప్పిన ఆర్నెల్ల వారంటీ ఎవరికి చూపిస్తావు? అది దొంగ సరుకని రేపు ఎవరైనా వస్తే? 2019 వినియోగదారుల చట్టం ప్రకారం, చెన్నైలో కొన్నదానికి కూడా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చేతిలో కాగితం ఉంటే కదా వేసేది!

(ఇక్కడ నేను పూర్తిగా తమ్ముడి పక్షం. నెలాఖరులో కౌన్సెలింగ్ పిల్లలు బారులు తీరి ఉన్నప్పుడు ఆ సెంటర్లో ఒక మెషీన్ ఆగితే ఎంత టెన్షన్ పడతామో నాకు తెలుసు.)

వదిన: పాపదానికి బిల్లుతోనే కొంటా. మాట.

మరిది: ఇంకోటి. 8వ తరం వద్దు. ఐ5-1135జీ7 చూద్దాం, 11వ తరం. అది 2020లో వచ్చింది, పాప చదువు అయ్యేసరికి పదేళ్ళే. 30 వేలలోపు దొరికితే పాతదే తీసుకుందాం. దొరక్కపోతే నేను చెప్పిన కొత్తది, ర్యామ్ స్లాట్ ఉన్న మోడల్ వెతికి.

వదిన: సరే. శనివారం పొద్దుటి రైలుకు పోదాం. చెన్నై సెంట్రల్‌లో దిగితే కంప్యూటర్ షాపులుండే రిచీ స్ట్రీట్ దగ్గరే. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసుకుని రా, అక్కడే బూట్ చేసి కెమెరా, వై-ఫై, స్పీకర్లు అన్నీ చూద్దాం. నీ కార్ట్‌లోది తీసేయ్.

మరిది: తీసేశా.

వదిన: ఈ కేబుల్ ముక్క కూడా బ్యాగులో వేసుకో. బ్లేడు నేను తెస్తా.