పిల్లలు తిరుపతిలో పనిచేస్తే చట్టమూ ఇక్కడిదే

అమెరికాలో చిన్న కంపెనీలు పెట్టుకున్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. "తిరుపతి బీటెక్ పిల్లల్ని ఇంటర్న్‌లుగా పెట్టుకోండి. స్టూడెంట్లు కాబట్టి ఏ చట్టమూ వర్తించదు. జీతం, అగ్రిమెంటు అక్కర్లేదు. వాళ్ళు రాసిన కోడ్ మనదే. మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదని ఒక మాట రాయించుకుంటే చాలు." ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కావాలి కాబట్టి పిల్లలూ సరే అంటున్నారు. ఇందులో నిలబడే మాట దాదాపు ఒక్కటీ లేదు.

అమెరికా కనీస వేతన చట్టం ఆ దేశం బయట చేసే పనికి వర్తించదు, నిజమే. కానీ భవానీ నగర్ హాస్టల్ గదిలో కూర్చుని పనిచేసే అమ్మాయికి మన చట్టాలున్నాయి. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం జీతం ఉన్నా లేకపోయినా, ట్రెయినీ అన్నా ఇంకే పేరు పెట్టినా వర్తిస్తుంది. ఇల్లు కూడా పనిచోటే అంటుంది. సంస్థలో పదిమంది కూడా లేకపోతే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. టెక్సాస్ పగటివేళ కోసం రాత్రి ఎనిమిది నుంచి రెండింటి దాకా వీడియో కాల్‌లో కూర్చునే ఆడపిల్లలకు ఈ సంగతి తెలిసి తీరాలి.

జీతం మాటలో కొంత నిజముంది. స్టైపెండ్ లేకుండా పని నేర్పడాన్ని మన చట్టం నేరుగా నిషేధించలేదు. కానీ క్లయింటుకు బిల్లు వేసే పని చేయించుకుంటూ ఇంటర్న్ అని పేరు పెడితే సరిపోదు. ట్రెయినీల్లో మన వేతనాల చట్టం (వేతన కోడ్) మినహాయించింది 1961 అప్రెంటిస్ చట్టం కింద చేరినవాళ్ళనే. మిగతావాళ్ళకు అది వర్తించవచ్చు.

అసలు దెబ్బ పిల్లలు రాసిన సాఫ్ట్‌వేర్ కోడ్ దగ్గర తగులుతుంది. ఈమధ్య ఒక ఆఫర్ లెటర్ చూశాను. అరపేజీ. లోగో, పేరు, చేరే తేదీ, అంతే. కోడ్ హక్కుల గురించి ముక్క లేదు, విద్యార్థి సంతకానికి చోటు కూడా లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలోనో అప్రెంటిస్‌గానో రాసినది యజమానికి చెందుతుంది. అలా కాకపోతే రాసినవాళ్ళదే. హక్కు బదిలీ కావాలంటే వాళ్ళు సంతకం పెట్టిన కాగితం ఉండాలి. అందులో గడువు రాయకపోతే అయిదేళ్ళే. ఏ దేశాలకో రాయకపోతే భారతదేశానికి మాత్రమే. అంటే అమెరికాలో అమ్ముకునే సాఫ్ట్‌వేర్‌కు అమెరికాలోనే హక్కు లేకుండా పోవచ్చు. అగ్రిమెంటు అక్కర్లేదన్న పెద్దమనిషి కంపెనీకే గుంట తవ్వుతున్నాడు.

మానేశాక పోటీ కంపెనీలో చేరొద్దన్న షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. దానికి భయపడి మంచి ఉద్యోగం వదులుకోవద్దు.

పాలిటెక్నిక్ పిల్లల్లో చాలామందికి ఇంకా పదిహేడేళ్ళే. మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని బ్రిటిష్ కాలంలో మనకు అన్నిటికన్నా పై కోర్టుగా ఉన్న ప్రీవీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. వాళ్ళతో సంతకం పెట్టించుకున్న కాగితాన్ని చూపించి కంపెనీ వాళ్ళ మీద కేసు గెలవలేదు.