పంచాంగం మూసి బ్రోచరు తెరిచిన ఉగాది

విశ్వావసు నామ సంవత్సర ఉగాది వేడుకను ఇంగ్లండ్‌లోని మన తెలుగు సంఘం తరఫున 2025 ఏప్రిల్ 5న, శనివారం నాడు, ఎప్పటిలాగే స్కూలు హాల్లో జరుపుకున్నాం. పచ్చడి పంచారు, పిల్లలు ప్రార్థన పాడారు, పంతులుగారు పంచాంగ శ్రవణం మొదలుపెట్టారు. మేషరాశి నుంచి ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు వరుసగా చదువుతూ ఆయన కన్యారాశి ముగించేసరికి కమిటీ సభ్యుడొకరు వేదిక మీదికి వచ్చి చెవిలో ఏదో చెప్పారు. "మిగతా రాశుల వారు భోజనాల దగ్గర నన్ను అడగండి" అని ఆయన పుస్తకం మూసేశారు. వెంటనే వెనక తెర వెలిగింది. ప్లాటినం స్పాన్సర్ తరఫున హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఆ నగరపు పడమటి దిక్కున కట్టబోయే అపార్టుమెంట్ల గురించి 45 నిమిషాలు మాట్లాడారు. నా పక్క కుర్చీలో, కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన ఒక పెద్దావిడ కూర్చున్నారు. ఆవిడది మీనరాశి. కళ్లజోడు ఒళ్లో పెట్టుకుని, మళ్లీ పంచాంగం తెరుస్తారేమోనని చివరిదాకా చూశారు.

ఆ రోజు నుంచి ఈ విషయం రాయాలని ఉంది. కమిటీలోని వారంతా నా మిత్రులే, సెలవు రోజులు మానుకుని సంఘం కోసం పనిచేసేవారే. ఇది వారి మీద ఫిర్యాదు కాదు. కానీ ఆ 45 నిమిషాల్లో చెప్పినదేమిటో, చెప్పకుండా వదిలేసినదేమిటో మనం కూర్చుని మాట్లాడుకోవలసిన అవసరం ఉంది.

ఆయన చూపిన మొదటి బొమ్మ హైదరాబాద్ పడమటి శివారు కోకాపేటలో జరిగిన భూముల వేలం. 2023 ఆగస్టులో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ అక్కడ నియోపోలిస్ లేఅవుట్‌లో భూములు వేలం వేసినప్పుడు ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికిన మాట నిజమే. అయితే ఆ ధర ఎందుకు పలికిందన్నది ఆయన చెప్పలేదు. హైదరాబాద్‌లో 2006 నుంచి భవనం ఎత్తుకు, అంతస్తుల విస్తీర్ణానికి ఇతర నగరాల్లో ఉన్నటువంటి, స్థలాన్ని బట్టి ఎంత కట్టవచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలవలసిన ఖాళీ సరిపోతే ఒకే ఎకరంలో వందల ఫ్లాట్లు లేస్తాయి. కోకాపేటలో కొన్నవారు కొన్నది ఆకాశాన్ని కూడా కలుపుకుని. ఔటర్ రింగు రోడ్డు అవతల, అనుమతి ఇంకా రాని పొలంలో గజం ధరకు ఆ లెక్కను కొలమానంగా చూపడం న్యాయం కాదు.

రెండో బొమ్మ 2024 అమ్మకాలది. ఏడాదిలో ఇళ్ల అమ్మకాలు 12 శాతం పెరిగాయని తెర మీద పెద్ద అక్షరాలతో వేశారు. అది నైట్ ఫ్రాంక్ అనే స్థిరాస్తి సలహా సంస్థ లెక్క. దాని ప్రకారం ఆ ఏడాది హైదరాబాద్‌లో సుమారు 37 వేల ఇళ్లు అమ్ముడయ్యాయి. అదే నగరం, అదే ఏడాది గురించి అనరాక్ అనే మరో స్థిరాస్తి సంస్థ ఇచ్చిన నివేదికలో అమ్మకాలు 58 వేలకు పైగా ఉన్నాయి, కానీ అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 5 శాతం తగ్గాయి. ఎవరు సేకరించే పద్ధతి వారిది, ఎవరు లెక్కలోకి తీసుకునే పరిధి వారిది, కాబట్టి ఇందులో ఒకరు అబద్ధమాడారని నేననను. ఒకరు పెరిగిందంటున్న చోట మరొకరు తగ్గిందంటున్నప్పుడు, రెంటినీ చూపించవలసిన వేదిక మీద ఒక్కటే చూపించారని మాత్రం అంటాను. 2024 ఆ నగరానికి తేలికైన ఏడాది కాదు. లోక్‌సభ ఎన్నికలు నడిచాయి. జూలైలో చెరువులు, ప్రభుత్వ భూముల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడింది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చెరువు నిండితే నీరు చేరే హద్దు (ఎఫ్‌టీఎల్), దాని చుట్టూ ఖాళీగా వదలవలసిన బఫర్ జోన్లలోని కట్టడాలను కూల్చుతుంటే అమీన్‌పూర్ లాంటి చోట్ల ఇల్లు కొన్నవారు కాగితాలు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. ఈ మాటలేవీ తెర మీదికి రాలేదు.

ప్రశ్నల సమయంలో నేను లేచి రెరా నంబరు, అంటే ఇళ్ల ప్రాజెక్టు ప్రభుత్వ నియంత్రణ సంస్థ దగ్గర నమోదైనట్టు చూపే నంబరు, అడిగాను. చేతిలోని బ్రోచరు మందపాటి కాగితం మీద అచ్చయింది, ఈతకొలను ఉంది, గుడి ఉంది, నడక దారి ఉంది. నంబరు మాత్రం లేదు. "అది ప్రాసెస్‌లో ఉందండీ, నంబరు వచ్చాక ఈ రేటుకు దొరకదు" అని ఆయన చిరునవ్వుతో చెప్పారు. తరువాతి ప్రశ్న అడగబోతుంటే కార్యక్రమానికి ఆలస్యమవుతోందని మైకు తీసుకున్నారు. 2016 నాటి రెరా చట్టం మూడో సెక్షన్ ప్రకారం, నమోదు కాని ప్రాజెక్టును అమ్మడం మాత్రమే కాదు, బుకింగు తీసుకోవడం, ప్రకటన ఇవ్వడం కూడా తప్పే. 500 చదరపు మీటర్లు మించిన స్థలంలోనైనా, ఎనిమిది మించిన ఫ్లాట్లతోనైనా కడితే ఈ చట్టం వర్తిస్తుంది. అంటే చట్టం ఒప్పుకోని ప్రకటనకు మన సంఘం బ్యానరు కింద, మన పిల్లల కూచిపూడికి ముందు, చోటిచ్చాం.

నేనింత బాధపడడానికి కారణం ఉంది. 2022 దసరా వేడుకకు సంఘం కార్యదర్శిని నేనే. హాలు అద్దె పెరిగింది, టికెట్టు ధర పెంచవద్దని సభ్యులు కోరారు, స్పాన్సర్ల కోసం నేనే తిరిగాను. అలా వచ్చిన ఒక సంస్థ హాలు గుమ్మం పక్కన బల్ల వేసుకుంది. ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా రాత్రి డ్యూటీలు చేసే ఒక అమ్మాయి, భర్తతో కలిసి ఆ బల్ల దగ్గర గంటసేపు కూర్చుని, తరువాత నా దగ్గరకు వచ్చి "అన్నయ్యా, వీళ్లు మీకు తెలిసినవాళ్లేనా?" అని అడిగింది. "సంఘం పిలిస్తే వచ్చినవాళ్లే కదమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట మీద ఆ దంపతులు హైదరాబాద్ శివారు కొల్లూరు వైపు 1,250 చదరపు అడుగుల ఫ్లాటు అడుగు 3,000 రూపాయల చొప్పున మొత్తం సొమ్ము ముందే కట్టి తీసుకున్నారు. 37 లక్షల 50 వేలు. అందులో సగం ఆమె దాచుకున్నది, సగం అప్పు.

వారికి రిజిస్టరు చేసి ఇచ్చినది ఫ్లాటు కాదు, 32 గజాల అవిభాజ్య వాటా. యూడీఎస్ అని మనవాళ్లు అందరూ పలికే మాట అదే. భూమి ఒక్క ముక్కే, కానీ వందల మంది పేర్ల మీద గజాలుగా చీలి ఉంటుంది. ఎవరి వాటా ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేరు. కట్టడానికి అనుమతి రాకపోతే ఆ కాగితం మీద బ్యాంకు గృహరుణం ఇవ్వదు. విసిగిపోయి అమ్ముదామంటే కొనేవాడు దొరకడు. నమోదైన ప్రాజెక్టులో అయితే కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టు కట్టడం, భూమి ఖర్చులకే వాడాలి. ధరలో 10 శాతానికి మించి తీసుకోవాలంటే ముందు అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టరు చేయాలి. అనుమతి, నమోదు రాకముందే ప్రీ లాంచ్ అనే పేరుతో అమ్మేది ఈ రెండు కంచెల బయటి సరుకు. ధర తక్కువగా ఉండడానికి అసలు కారణం అదే.

2024 డిసెంబరులో ఊరికి వెళ్లినప్పుడు ఆ స్థలం చూడడానికి వెళ్లాను. నీలిరంగు రేకుల ప్రహరీలో ఒక రేకు ఊడి గాలికి కొట్టుకుంటోంది. లోపల తుమ్మచెట్లు నా భుజం ఎత్తు పెరిగి ఉన్నాయి. బోరు వేసిన చోట కేసింగు పైపు మూతికి ప్లాస్టిక్ సంచి కట్టి, దాని మీద తాడు చుట్టి ఉంచారు. బోర్డు మీది ఫోను నంబరులో చివరి అంకెలు ఎండకు వెలిసిపోయాయి. కాపలా మనిషి నన్ను చూసి, "మీరూ ఫారిన్ నుంచేనా సార్?" అన్నాడు. వచ్చి చూసి వెళ్లినవారందరి పేర్లూ అతను ఒక పాత డైరీలో రాసుకుంటున్నాడు. నా పేరు రాసినప్పుడు ఆ పేజీలో పైనున్న పేర్లలో ఇద్దరు మన సంఘం సభ్యులే. ఆ నర్సు అమ్మాయి రెరాలో ఫిర్యాదు వేసింది, వాయిదాలు నడుస్తున్నాయి. ఇప్పటికీ నన్ను అన్నయ్యా అనే పిలుస్తుంది, ఒక్క మాట కూడా అనదు.

ఈ దేశంలో ఇల్లు కొన్న రోజుల్లో నాకు విచిత్రంగా తోచిన సంగతి ఒకటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1995 నుంచి ఏ ఇల్లు ఏ తేదీన ఎంతకు అమ్ముడైందో ల్యాండ్ రిజిస్ట్రీ అందరికీ కనిపించేలా పెడుతుంది. మా వీధిలో ఎదురింటివారు ఎంతకు కొన్నారో చూడగలగడం మొదట్లో నాకు మర్యాద తప్పినట్టు అనిపించింది. తరువాత్తరువాత అది సామాన్యుడికి దక్కిన రక్షణ అని అర్థమైంది. సగటు ధర ఎవరి బ్రోచరులో నుంచో పుట్టదు, చెల్లించిన సొమ్ములో నుంచి పుడుతుంది. ఆ లెక్కలే చెబుతున్నాయి, 2024 డిసెంబరుతో ముగిసిన ఏడాదిలో బ్రిటన్ మొత్తం మీద ఇళ్ల ధరలు సుమారు నాలుగున్నర శాతం పెరిగితే, ఈశాన్య ఇంగ్లండ్‌లో 6 శాతం దాటాయి, లండన్‌లో దాదాపు కదలనే లేదు. ఏడాదికి ముప్పై శాతం అన్న మాట ఇక్కడ ఎవరైనా అంటే ఆ వీధి పేరు కొట్టి చూసుకుంటాం.

మన దగ్గర రిజిస్ట్రేషన్ కార్యాలయంలో "మార్కెట్ విలువ" అంటే ప్రభుత్వం నిర్ణయించిన విలువ, బజారులో పలికే ధర కాదు. తెనాలిలో మా నాన్నగారి ఇల్లు అమ్మినప్పుడు డాక్యుమెంటులో ఒక అంకె, సంచీలో మరొక అంకె ఉండాలని కొనేవాళ్లు పట్టుబట్టారు. మొత్తం బ్యాంకులోనే కావాలన్నందుకు బేరం రెండుసార్లు చెడింది. మూడోసారి అనుకున్నదాని కంటే తక్కువకు అమ్మాం. ఆ అలవాటును నేను ఎన్నటికీ సమర్థించలేను. డాక్యుమెంటులో నిజం రాయని చోట ఏ సంస్థ ఎంత నిజాయితీగా లెక్కించినా ధర తెలియదు, తెలియని చోట గొంతు పెద్దదైన వాడిదే రేటు అవుతుంది.

అయినా మనం అక్కడ కొంటాం. ఎందుకు కొంటామో నాకు తెలుసు. "మీరొస్తే దిగడానికి ఒక గది ఉండాలిరా" అని మా అమ్మ చివరిదాకా అంటూనే ఉంది. ఆ మాట ఇంకా చెవిలో ఉన్నవాడికి వడ్డీ లెక్కలు చెప్పి లాభం లేదు. ఆ ప్రేమను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ ప్రేమకు మన వేదిక మీద వల వేయనివ్వకండి అన్నదే నా విన్నపం.

పైగా ఆ శనివారానికి నాలుగు రోజుల ముందే, ఏప్రిల్ 1న, ఇక్కడ స్టాంపు డ్యూటీ మారింది. మొదటిసారి ఇల్లు కొనేవారికి మినహాయింపు పరిమితి 4 లక్షల 25 వేల పౌండ్ల నుంచి 3 లక్షలకు తగ్గింది. మార్చి చివరిదాకా ఒక్క పౌండు కట్టనక్కరలేని 4,25,000 పౌండ్ల ఇంటికి ఇప్పుడు 6,250 పౌండ్లు కట్టాలి. హాల్లో వెనక వరుసల్లో నిలబడిన యువ దంపతులు ఎందరో ఈ సంవత్సరంలోనే కొనబోతున్నవారు. వారికి పది నిమిషాలు ఈ సంగతి చెప్పే మనిషి మన సభ్యుల్లోనే ఉన్నారు. హైదరాబాద్‌లో కొని అమ్ముకుంటే చాలన్న వక్త కూడా, 2024 జూలై తరువాత దీర్ఘకాలిక లాభం మీద పన్ను మారిందని, పాత ఆస్తికి ద్రవ్యోల్బణం సర్దుబాటు కోరుకునే వెసులుబాటు భారత నివాసులకే గాని మనకు లేదని చెప్పలేదు. బల్ల మీద ఉంచిన రెండో బ్రోచరు ఫామ్ ప్లాట్లది. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌసు కొనడానికి ప్రవాస భారతీయులను భారత విదేశీ మారక చట్టం ఫెమా నిబంధనలు అనుమతించవు. ప్రవాసుల సభలో ప్రవాసులు కొనకూడని సరుకు పరిచారు.

స్పాన్సర్లు లేకుండా సంఘం నడవదన్న మాట నేను కాదనను. ఆ కష్టం కార్యదర్శిగా పడినవాణ్ని. ఇళ్లు కట్టేవారందరూ మోసగాళ్లని కూడా అనడం లేదు, చెప్పిన తేదీకి తాళాలిచ్చిన వారి ఇళ్లలో నా బంధువులే ఉన్నారు. మంచివారికి నంబరు చూపించడం కష్టం కాదు. కాబట్టి కార్యవర్గాన్ని నేను కోరేది ఇంతే. హైదరాబాద్ నుంచి వచ్చినా, విజయవాడ, విశాఖ నుంచి వచ్చినా, ‘పి’ అక్షరంతో మొదలయ్యే రెరా నంబరు బ్రోచరు మీద లేనివారికి బల్ల కూడా ఇవ్వవద్దు. ఉన్నవారి నంబరును ఆయా రాష్ట్రాల రెరా సైట్లలో మనమే చూసి, ఆ పేజీని అచ్చు తీసి బల్ల మీద అంటిద్దాం. వేదిక మీద మాత్రం ఎవరికీ, ఎంత ఇచ్చినా, అమ్మకానికి సమయం ఇవ్వవద్దు. దీనివల్ల రాబోయే దసరాకు హాలు అద్దెలో లోటు వస్తే టికెట్టు అయిదు పౌండ్లు పెంచండి. అప్పటికీ చాలకపోతే మొదటి 500 పౌండ్లు నా పేరున రాసుకోండి. ఆ పెద్దావిడ సెప్టెంబరులో తిరిగి వెళ్లిపోతున్నారు. ఆవిడ రాశిఫలం పంతులుగారిని అడిగి, కాగితం మీద రాయించుకుని, వాళ్లింటికి తీసుకువెళ్లి నేనే చదివి వినిపించి వచ్చాను.