గర్భసంచి ఆపరేషన్లకూ ఊపిరితిత్తులకూ ఏమిటి సంబంధం?

కరోనా మొదటి ఏడాది ఏ ఊళ్లో చావు కబురు విన్నా, పోయింది ఎక్కువసార్లు మగమనిషే. అప్పటిదాకా మరణించినవారిలో 69 శాతం మగవాళ్లేనని 2020 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. అరుగు మీద దానికి జవాబు అప్పటికే తయారుగా ఉంది. మగాళ్లు బయట తిరుగుతారు, బీడీలు కాలుస్తారు, ఒంట్లో బాగోకపోయినా డాక్టరు దగ్గరికి పోరు. ఇందులో అబద్ధమేమీ లేదు. పొగాకు వాడే మగవాళ్లు 38 శాతం, ఆడవాళ్లు 9 శాతం అని ఐదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది.

కానీ అలవాట్లు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటే, ఈ తేడా మాత్రం చాలా దేశాల్లో ఒకేలా కనిపించింది. ప్రపంచవ్యాప్తంగా 30 లక్షలకు పైగా కేసులను కలిపి చూసిన అధ్యయనం ఒకటి 2020 డిసెంబరులో వచ్చింది. వైరస్ సోకడంలో ఆడా మగా సమానమే. ఐసీయూ దాకా వెళ్లే ముప్పు మాత్రం మగవాళ్లలో దాదాపు మూడింతలుంది, చనిపోయే ముప్పూ ఎక్కువే. అంతకుముందు 2003లో హాంకాంగ్‌లో, కరోనాకు దగ్గరి చుట్టమైన వైరస్ వల్ల వచ్చే సార్స్ జబ్బు వ్యాపించినప్పుడూ ఇదే తీరు. సోకిన మగవాళ్లలో సుమారు 22 శాతం మంది, ఆడవాళ్లలో 13 శాతం మంది చనిపోయారు. దీన్నంతా బీడీల ఖాతాలో రాసేయడం కుదరదు.

ఈ చిక్కుముడిలో ఒక పోగును అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కరోనాకు మూడేళ్ల ముందే, 2017లో, పట్టుకున్నారు. ఎలుకలకు సార్స్ వైరస్ ఎక్కిస్తే మగవి ఎక్కువ చచ్చిపోయాయి. ఆడవాటికి అండాశయాలు తీసేసి మళ్లీ ఎక్కించారు. ఈసారి అవీ చచ్చిపోవడం మొదలుపెట్టాయి. అండాశయాల్లో తయారయ్యే ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ పనిచేయకుండా మందు ఇచ్చినా అంతే. మగ ఎలుకలకు మగ హార్మోన్ తయారయ్యే వృషణాలు తీసేస్తే మాత్రం ఏమీ మారలేదు. అంటే కనీసం ఎలుకల్లో, మగ హార్మోన్ చేసే కీడు కన్నా ఆడ హార్మోన్ చేసే మేలే పెద్దదన్నమాట. ఈ ప్రయోగాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. మన పల్లెల విషయానికి వచ్చినప్పుడు దీనితో పని పడుతుంది.

ఈస్ట్రోజెన్ చేసే పని ఒకటి కాదు. వైరస్ రాగానే ఒంట్లో ముందుగా మోగే గంట ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్. ఆ గంట త్వరగా, గట్టిగా మోగడానికి ఈస్ట్రోజెన్ తోడ్పడుతుంది. తర్వాత వైరస్‌తో పోరాటంలో ఒంట్లో రేగే మంట (ఇన్‌ఫ్లమేషన్) హద్దు మీరకుండా కొంతవరకు అదుపు కూడా చేస్తుంది. కరోనాలో ఊపిరితిత్తులు పాడైంది చాలావరకు ఆ అదుపు తప్పిన మంట వల్లే. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ మొత్తమ్మీద రోగనిరోధక స్పందనను తగ్గించే రకం. ఫ్లూ టీకా వేసినప్పుడు ఆడవాళ్లలో యాంటీబాడీలు ఎక్కువగా తయారవుతాయి. 2008లో అచ్చైన ఒక అధ్యయనంలో సగం డోసు వేసుకున్న ఆడవాళ్లకు పూర్తి డోసు వేసుకున్న మగవాళ్లతో సమానంగా వచ్చాయి. హార్మోన్లతో పాటు క్రోమోజోముల లెక్క కూడా ఉంది. వైరస్‌ను పసిగట్టే టీఎల్‌ఆర్7 అనే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడవాళ్లకు అది రెండు కాపీలు, మగవాళ్లకు ఒక్కటే. నెదర్లాండ్స్‌లో రెండు కుటుంబాలకు చెందిన నలుగురు కుర్రాళ్లు, అప్పటిదాకా ఏ జబ్బూ లేనివాళ్లు, కరోనాతో ఐసీయూ పాలైతే ఆరా తీశారు. వాళ్లకున్న ఆ ఒక్క కాపీలోనే లోపం ఉందని తేలింది.

ఇంతవరకు కథ సాఫీగానే ఉంది. మందుల దగ్గరికి వచ్చేసరికి తేడా కొట్టింది.

కరోనా వైరస్ కణంలోకి దూరడానికి టీఎమ్‌పీఆర్‌ఎస్ఎస్2 అనే ఎంజైమును వాడుకుంటుంది. ప్రోస్టేట్ గ్రంథిలో ఆ ఎంజైము తయారీని నడిపేది మగ హార్మోన్లే. ఇటలీలోని వెనెటో ప్రాంతంలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు మగ హార్మోన్‌ను అణచే మందులు వాడుతున్న 5,273 మందిలో నలుగురికే కరోనా వచ్చిందన్న లెక్క 2020లో బయటికొచ్చింది. దాంతో ఆశలు పెరిగాయి. మగ హార్మోన్‌ను అణిచేస్తే మగవాళ్లు బతుకుతారు కదా! అలాంటి మందును అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 96 మంది కరోనా రోగుల మీద పరీక్షించారు. టెస్టోస్టెరాన్ పడిపోయింది గానీ జబ్బు మాత్రం తగ్గలేదు. స్వీడన్‌లో ఇలాంటి మరో మందు వాడినవాళ్లు ఆసుపత్రిలో ఇంకా ఎక్కువ రోజులు ఉండాల్సి వచ్చింది. బ్రెజిల్‌లో ప్రాక్సాల్యుటమైడ్ అనే మందు అద్భుతం చేసిందని ప్రచారం సాగింది, నాటి అధ్యక్షుడు బొల్సొనారో కూడా దాన్ని మెచ్చుకున్నారు. చివరికి ఆ పరీక్షల మీద నైతిక ఉల్లంఘనల ఆరోపణలు వచ్చాయి, ఆ మందు మీద అచ్చైన ఒక పరిశోధన వ్యాసాన్ని 2022లో దాన్ని అచ్చేసిన వైద్య పత్రికే వెనక్కి తీసుకుంది.

పైగా అమెరికాలోని సెయింట్ లూయీ డాక్టర్లు కరోనా రోగుల రక్తం పరీక్షిస్తే, జబ్బు ముదిరిన మగవాళ్లలో టెస్టోస్టెరాన్ ఎక్కువగా కాదు, అట్టడుగున ఉంది. జబ్బు వల్ల హార్మోన్ పడిపోయిందా, హార్మోన్ తక్కువై జబ్బు ముదిరిందా అన్నది ఆ ఒక్క పరీక్షతో తేలేది కాదు. ఆడ హార్మోన్ వైపు ఫలితం కాస్త మెరుగు. లాస్ ఏంజెలెస్‌లో సుమారు 40 మంది మగ రోగులతో జరిగిన పరీక్షలో, ఐదు రోజులు ప్రొజెస్టెరాన్ అనే మరో ఆడ హార్మోన్ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లు కొంత త్వరగా తేరుకున్నారు. నలభై మందితో తేలిన సంగతిని నమ్మి ప్రిస్క్రిప్షన్ రాయలేం. యూట్యూబు చూసి హార్మోన్ మాత్రలు మింగే ధైర్యవంతులు మన దగ్గరా ఉన్నారు కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాం.

ఈస్ట్రోజెన్ నిజంగా కవచమే అయితే, అది ఒంట్లో పొంగిపొర్లే గర్భిణులకు ఏమీ కాకూడదు. జరిగేది దానికి తలకిందులు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు అమెరికా జనాభాలో గర్భిణులు ఒక శాతం, మృతుల్లో సుమారు 5 శాతం. మన దేశంలో కరోనా రెండో వేవ్‌లో వైరస్ సోకిన గర్భిణులు, బాలింతల మరణాల రేటు 5.7 శాతమని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం చెప్పింది. మొదటి వేవ్‌లో అది 0.7 శాతం. కడుపు పెరిగేకొద్దీ ఊపిరికి చోటు తగ్గుతుంది, గుండె మీద భారం పెరుగుతుంది, రోగనిరోధక వ్యవస్థ తీరే మారుతుంది. హార్మోన్ ఒక్కటే చూస్తే ఇవేవీ కనపడవు. అన్నట్టు 2021 జనవరి 16న టీకాలు మొదలైతే, గర్భిణులకు అనుమతి వచ్చింది జులై 2న. మధ్యలో రెండో వేవ్ మొత్తం వచ్చి వెళ్లిపోయింది. టీకా ప్రయోగ పరీక్షల్లో గర్భిణులను చేర్చకపోవడమే ఈ ఆలస్యానికి పెద్ద కారణం.

మన దేశపు లెక్కలు ఇంకో ముడి వేస్తాయి. 2020 మే 20 నాటికి కేసుల్లో మూడింట రెండు వంతులు మగవాళ్లవే. అయితే కరోనా నిర్ధారణ అయినవాళ్లలో చనిపోయింది మగవాళ్లు 2.9 శాతం, ఆడవాళ్లు 3.3 శాతం. తర్వాత ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో జరిగిన పెద్ద అధ్యయనంలో మగవాళ్లకే ముప్పు ఎక్కువని తేలింది, నిజమే. కానీ తొలి నెలల ఆ అంకెను కొట్టిపారేయకూడదు. ఇంట్లో ఆయనకు దగ్గు వస్తే ఆసుపత్రి, ఆవిడకు వస్తే మిరియాల కషాయం. టెస్టు దాకా వచ్చిన ఆడవాళ్లే తక్కువ, వచ్చేది కూడా జబ్బు ముదిరాకే. ఇలాంటి లెక్క మనకు కొత్త కూడా కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో అమెరికా, యూరప్‌లలో మగవాళ్లు ఎక్కువ చనిపోతే, మన దేశంలో ఆడవాళ్లు ఎక్కువ చనిపోయారు. చాలీచాలని తిండి, మంచం పట్టినవాళ్ల పక్కనే ఉండి చేసిన సేవ అందుకు కారణాలని చరిత్రకారులు చెబుతారు. ఈస్ట్రోజెన్ అప్పుడూ ఉంది, కానీ పస్తుల ముందు అది నిలబడలేకపోయింది.

ఇక అండాశయాలు తీసేసిన ఆ ఎలుకల దగ్గరికి వద్దాం. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతం. దేశంలో ఈ విషయంలో ముందున్నది మన రెండు రాష్ట్రాలే. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పి అని, ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇంక ఎందుకు, క్యాన్సర్ అవుతుంది’ అని భయపెట్టి ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ చేసేసిన సందర్భాలు ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. చాలాసార్లు గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తారు, ఆ సంగతి ఆవిడకు సరిగా చెప్పరు కూడా. అండాశయాలు ఉంచినా వాటి పని తరచూ కొన్నేళ్లు ముందే ఆగిపోతుంది. అంటే యాభైకి దగ్గర దాకా ఉండాల్సిన ఈస్ట్రోజెన్, చిన్న వయసులోనే అండాశయాలు తీసేసినవాళ్లకు నలభై లోపే కరిగిపోతోంది. ఎముకలకు, గుండెకు దీనివల్ల జరిగే నష్టం డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. ఊపిరితిత్తుల జబ్బుల విషయంలోనూ ఈ ప్రశ్న ఇప్పుడు అడగాల్సిందే. స్వీడన్‌లో ముట్లుడిగిన 14,685 మంది ఆడవాళ్ల రికార్డులు చూస్తే, ఈస్ట్రోజెన్ మాత్రలు వాడుతున్నవాళ్లలో కరోనా మరణాలు తక్కువగా ఉన్నాయి. మాత్రలు కొనుక్కోగలిగినవాళ్లకు మిగతా సౌకర్యాలూ ఉంటాయి కాబట్టి దీన్నే రుజువు అనలేం. కానీ స్వీడన్ వాళ్లు కనీసం లెక్క చూశారు. ఇన్ని ఆపరేషన్లు జరిగిన మన రాష్ట్రాలకు ఆ లెక్క చూడాల్సిన అవసరం వాళ్లకన్నా ఎక్కువ.

అందుకు కావాల్సిన సరంజామా మన దగ్గరే ఉంది. ప్రభుత్వ బీమా పథకాల కింద జరిగిన ఆపరేషన్ల రికార్డులు కంప్యూటర్లలో ఉన్నాయి. కరోనా రోగుల వివరాలూ ఉన్నాయి. పేర్లు బయటపెట్టకుండా ఈ రెంటినీ కలిపి చూడమని రెండు ప్రభుత్వాలూ తమ వైద్య కళాశాలలకు అప్పగించవచ్చు. అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ అమలు ఏ జిల్లాలో ఎంతవరకు వచ్చిందో ప్రజల ముందు పెట్టాలి.

ఫ్లూతోనో న్యుమోనియాతోనో ఆసుపత్రిలో చేరే ప్రతి ఆడమనిషి కేస్ షీట్‌లో మరో మూడు ప్రశ్నలు ఉండాలని మేం అడుగుతున్నాం. ముట్లు ఆగిపోయాయా, గర్భసంచి గానీ అండాశయాలు గానీ తీశారా, హార్మోన్ మాత్రలు వాడుతున్నారా? షుగరు, బీపీ ఉన్నాయా అని ఎలాగూ అడుగుతున్నారు. ఆ పక్కనే మరో మూడు గళ్లు అచ్చు వేయడానికి బడ్జెట్ కేటాయింపు అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.